పాతపట్నమోళ్ల అవ్వ

కృష్ణ మీద డ్యాం కట్టినప్పుడు రాజుల కాలం నాటి మా పట్నం నీళ్లలో మునిగింది. గట్టు మీది కాలనీకి వచ్చిన మమ్మల్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా ‘ముంపోళ్లు’ అనేవారు. మా ఎదురింటి అవ్వకు ఆ మాట వింటే ఒళ్లు మండేది.

‘‘ముంపోళ్లవ్వా, ఎక్కు’’ అంటూ వనపర్తి ఆటో ఆగేది.

‘‘పాతపట్నమోళ్లవ్వా అను. అప్పుడెక్కుత.’’

అనకపోతే ఎక్కేది కాదు. ఎండలో మరో ఆటో కోసం నిలబడేది.

ఏటా ఎండాకాలం నది వెనక్కి తగ్గి పాత గోడల మొదళ్లు తేలగానే అవ్వ అక్కడికి బయల్దేరేది. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. తన ఇంటి కడపను వెతికి, బురద కడిగి, పసుపు రాసి, దాని ముందు ముగ్గేసింది.

‘‘మళ్ల నీళ్లొస్తే పోతది గదా అవ్వా?’’ అన్నాను.

‘‘ఎవరింటి ముంగట ముగ్గు రేపటిదాంక ఉంటది? గట్లని ఎయ్యకుంట ఉంటుండ్రా?’’

ఆ గోడల మధ్యే నిలబడి వల ఆరేస్తున్న ఒకాయన నవ్వాడు. ‘‘ముంపోళ్లు ఈ రాళ్లను ఇంకా ఇడుస్తలేరే!’’

అవ్వ చేతికంటిన ముగ్గుపిండి దులుపుకుని లేచింది.

‘‘పాతపట్నమోళ్ల నట్టింట్ల నిలవడ్డవ్. ముందుగాల చెప్పులిడువు!’’