తెర లాగే అమ్మాయి

పిల్లల లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు బాగుచేసే ఆయన్ని అందరూ జిగురు బాబాయి అంటారు. ఏ పుస్తకమొచ్చినా ముచ్చటగా పట్టుకునే ఆయనకు, బాలే డాన్సు గురించిన ఒక బొమ్మల పుస్తకం చూస్తే మాత్రం మొహం ముడుచుకుపోతుంది. అందులో పుల్లల్లాంటి పిల్లలంతా నాట్యం చేస్తారు. బొద్దుగా ఉన్న అమ్మాయి పక్కన నిలబడి తెర లాగుతుంది. ఆయన కూతురు చిన్నప్పుడు అది చదివి, "నాన్నా, నాలాంటివాళ్ళు తెర లాగడానికేనంట," అని బాలే క్లాసు మానేసింది. ఎంత బతిమాలినా మళ్ళీ గడప తొక్కలేదు.

ఈసారి ఆ పుస్తకం అట్ట ఊడి వచ్చింది. చివరి పేజీ తిప్పితే, ఎవరో పిల్ల ఆ తెర లాగే అమ్మాయిని వేరే కాగితం మీద గీసి, కత్తిరించి, నాట్యం చేసేవాళ్ళ వరసలో అందరికంటే ముందు అంటించింది. కాళ్ళు వంకర, నవ్వు మాత్రం చెవుల దాకా.

"పిల్లలు అంటించినవి పీకెయ్యాలి కదా బాబాయ్," అంది లైబ్రేరియన్.

"పీకుతున్నానమ్మా. జిగురంతా ఉండలు కట్టించింది గడుగ్గాయి. ఇలా అంటిస్తే నాలుగు రోజులుంటుందా?"

ఆయన ఉండలు గీకేసి, తన జిగురు పల్చగా రాసి, బొమ్మను మళ్ళీ అక్కడే అతికించి, పైన బరువు పెట్టాడు.

"ఇదేం పీకడం బాబాయ్?" అని నవ్విందామె.

"ఇన్నేళ్ళుగా నాకు చేతకాని పని ఇది. ఎవరి బిడ్డో చేసిపెట్టింది, చల్లగా ఉండాలి. ఆరాక ఒక్కరోజు ఇంటికి పట్టుకెళ్తానమ్మా. మా అమ్మాయికి చూపించాలి."