కాలిన మీటరు, మారిన బొమ్మ

మా మాస్టార్లలో ఎవరి రిటైర్మెంటు సభ జరిగినా భోజనాల దగ్గర ఒక కథ తప్పకుండా బయటికొస్తుంది. ఇంటర్నెట్టులో చూసి పాఠం చెప్పబోయి, స్కూల్లో ఉన్న ఒక్కగానొక్క అమ్మీటరుని కాల్చేసిన విద్యా వాలంటీరు కథ. కాల్చింది చాలక తప్పు బ్లాగుదేనని అబద్ధం కూడా ఆడిందట. పులిహోర వడ్డించేవాడు కూడా ఆగి నవ్వుతాడు. ఈ కథను అందరికంటే బాగా చెప్పేవాణ్ని నేనే. ఆ అమ్మాయి గొంతు పెట్టి "కాలిపోయిందండీ" అని సాగదీసేవాణ్ని. మొన్నటి సభలో ఇంకొకాయన నా పక్కనే కూర్చుని అదే చెప్పి, చివర్లో నా భుజం తట్టి, "ఆ బ్లాగు మన మాస్టారిదేనండి. అయినా దొడ్డ మనసుతో ఆ పిల్లని క్షమించేశారు" అన్నాడు.

ఆ కథలో మీటరు కాలడం ఒక్కటే నిజం. మిగతాది నేను అల్లింది, నా తోటివాళ్లు మోసింది.

రెండు వేల ఏడో ఎనిమిదో. రాజమండ్రిలో సందుకో నెట్ సెంటరు ఉన్న రోజులు. దగ్గర్లోని ఒక ఊళ్లో హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్సు మాస్టారిని. ప్రభుత్వం పెట్టిన కంప్యూటరు శిక్షణలో మిగతావాళ్లు మౌసుని ఎలకని పట్టినట్టు పడుతుంటే నాకు కాస్త ముందుగా పట్టుబడింది. ఆ ఒక్క అర్హతతో నేను నిపుణుణ్నయిపోయాను. ఆదివారం ఆదివారం దానవాయిపేటలో ఒక నెట్ సెంటరులో చేరి, తోటి మాస్టార్లకి బ్లాగులు పెట్టడం నేర్పేవాణ్ని. అంతా ఉచితమేనని అనగానే మావాళ్ల కళ్లు మెరిసేవి. ఉచితంగా వస్తే ఏం పెట్టుకోవడానికైనా వెనకాడని మనుషులం.

నేను నేర్పిన విద్య ఏమిటో చెప్పాలి. ముందు బ్లాగుకి పేరు. దానికే రెండు ఆదివారాలు పోయేవి. జ్ఞానం, విద్య, దీపం, జ్యోతి, ఈ నాలుగు మాటల్నీ అటూ ఇటూ అతికిస్తే జిల్లాకి సరిపడా పేర్లు వచ్చేవి. తరవాత పేజీ పైనుంచి గులాబీ రేకలు రాలే ఏర్పాటు. తరవాత ఒక గడియారం, ఆ కంప్యూటరు మూలలో గడియారం ఎలాగూ ఉన్నా సరే. తరవాత "స్వాగతం సుస్వాగతం" అని కుడి నుంచి ఎడమకి పరిగెత్తే అక్షరాలు. అన్నిటికంటే ముఖ్యమైనది సందర్శకుల లెక్క చూపే డబ్బా. మన బ్లాగుని మనమే తెరిచినా అందులో అంకె పెరుగుతుంది. ఒక సోషల్ మాస్టారు కూర్చున్నంతసేపూ తన పేజీనే మళ్లీ మళ్లీ తెరిచి, లేచేటప్పుడు "ఈవేళ జనం బాగా వచ్చారండి" అని సంతోషపడేవాడు.

"మరి పాఠం ఎక్కడ పెట్టాలండీ?" అని ఎవరైనా అడిగితే, "అది తరవాత చూద్దామండి" అనేవాణ్ని. చాలామందికి ఆ తరవాత రానేలేదు. మా గుంపులో సగం బ్లాగుల్లో ఉన్న పాఠం ఒకటే, బ్లాగు మొదలుపెట్టడం ఎలా అని.

ఇక కామెంట్లు. అవి మా వైపు పెళ్లిళ్లలో చదివింపుల్లాంటివి. మీరు మా ఇంట్లో ఎంత చదివించారో మేము మీ ఇంట్లో అంత చదివించాలి. ఒకాయన నా పాఠం కింద "చాలా బాగుందండి" అంటే, నేను వెళ్లి ఆయన పాఠం కింద "అద్భుతమండి" అనాలి. చదవనక్కర్లేదు. తప్పు కనబడితే అసలు చెప్పకూడదు. పదిమందిలో ఒక మాస్టారిని పట్టుకుని తప్పు రాశారంటే ఇంకేమైనా ఉందా? ఆయన మళ్లీ మన మొహం చూస్తాడా? మర్యాదకి పుట్టిల్లు అని మమ్మల్ని అందరూ అంటారు. ఆ మర్యాద చాటున మేము ఎన్ని చెత్త పాఠాలు దాచామో ఎవరికీ తెలియదు.

వచ్చిన కామెంటుని మనం ఒప్పుకుంటేనే బయటికి కనబడే ఏర్పాటు ఒకటుంది. దాన్ని నేను పనిగట్టుకుని నేర్పేవాణ్ని. "గుమ్మంలో కాపలా అన్నమాట. దారిన పోయేవాడెవడో లోపలికొచ్చి ఏదో అంటే మన పరువేం కావాలండీ?" అనేవాణ్ని. అందరూ తలలూపి ఆ కాపలా పెట్టుకున్నారు.

నా బ్లాగులో పదో తరగతి సైన్సు పాఠాలుండేవి. బొమ్మలు ఉచితంగా దొరికే సాధనంలో నేనే గీసేవాణ్ని. విద్యుత్తు పాఠంలో ఓల్టుమీటరు బొమ్మ ముందే గీసి ఉంది. బ్యాటరీ, బల్బు, ఆ బల్బుకి రెండు పక్కలా తీగలు కలిపి సమాంతరంగా ఓల్టుమీటరు. వారం తరవాత అమ్మీటరు గురించి రాయాల్సి వచ్చింది. మళ్లీ ఎవడు గీస్తాడని, పాత బొమ్మనే తెచ్చి మీటరు గుర్తుగా ఉన్న గుండ్రం లోపల ఒక్క అక్షరం, V తీసి A అని మార్చాను. అయిపోయింది.

కాలేదు. అమ్మీటరుని అలా కలపకూడదు. దాన్ని కరెంటు పోయే దారిలోనే, తీగ మధ్యలో, శ్రేణిలో కలపాలి. బల్బుకి సమాంతరంగా కలిపితే కరెంటంతా బల్బుని వదిలేసి మీటరులోంచి ఉరుకుతుంది. లోపలి తీగ మాడిపోతుంది. ఇది నేను ఏటా పిల్లలకి చెప్పేదే. బోర్డు మీద నిద్రలో కూడా తప్పు వేసేవాణ్ని కాదు. బ్లాగులో వేశాను, ఎందుకంటే అక్కడ నా ధ్యాస పాఠం మీద లేదు, కింద ఎవరెవరు ఏమంటారన్న దానిమీద ఉంది.

అన్నారు. "చాలా ఉపయోగకరమండి." "బొమ్మ ముచ్చటగా ఉందండి." "మీ సేవ అమోఘమండి." మాలో పెద్దాయన ఒకరు, రిటైర్మెంటుకి దగ్గర పడిన సైన్సు మాస్టారు, "సరళం, సుందరం" అని రాశారు. ఆయన తన బ్లాగులో అన్నవరం స్వామి మీద పద్యాలు పెట్టేవారు. వాటి కింద నేను "అమృతం కురిసిందండి" అని రాసి వచ్చాను. ఆ పద్యాలు నేను చదవలేదు.

కొన్నాళ్లకి నా ఒప్పుదల కోసం గుమ్మంలో ఆగిన కామెంట్లలో ఒక కొత్తది కనబడింది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. "నమస్తే సార్. నేను విద్యా వాలంటీర్ని. బీఎస్సీలో నాది బోటనీ అండి. మా స్కూల్లో ఫిజిక్స్ మాస్టారు లేరని నన్నే చెప్పమన్నారు. మీ బొమ్మలో అమ్మీటరు ఒకలాగుంది, పుస్తకంలో ఇంకోలాగుంది. ఏది కరెక్టండి?"

ఇంతే. ఇంత మంచి ప్రశ్న నా బ్లాగుకి అంతకుముందు రాలేదు, ఆ తరవాత రాలేదు. నేను పుస్తకం తియ్యలేదు. బొమ్మ వైపు కూడా చూడలేదు. బోటనీ చదివిన వాలంటీరు నన్ను అడగడమేమిటని అనుకున్నాను. తుడిచేసే బటన్ పక్కనే ఉంది. నొక్కాను.

ఆ అమ్మాయి కొన్ని రోజులు చూసింది. తన ప్రశ్న కనబడలేదు. కనబడినవన్నీ పొగడ్తలే. ఇంతమంది పెద్ద మాస్టార్లు బాగుందన్నాక తన అనుమానమే పిచ్చిదయి ఉంటుందనుకుంది. పుస్తకం పాతదేమో, ఇది కొత్త పద్ధతేమో అనుకుంది. పిల్లలకి చేసి చూపిద్దామని ఎవరి దగ్గరో స్కూటరు బ్యాటరీ అడిగి తెచ్చింది. నా బొమ్మ ప్రకారం తీగలు కలిపింది. ముల్లు ఒక్కసారి చివరికంటా వెళ్లి కొట్టుకుంది, పొగ వచ్చింది, తరగతి గది నిండా మాడు వాసన. పిల్లలు మొదట చప్పట్లు కొట్టారట, ప్రయోగం అంటే అదేనని.

ఆ స్కూలుకి ఉన్నది ఆ ఒక్క మీటరే. హెడ్మాస్టారు ముక్కోపి. వాలంటీర్లని ఏ ఏడుకాయేడు జూన్‌లో కొత్తగా తీసుకోవాలి. మళ్లీ తీసుకోవడమా మానడమా అన్నది ఆయన మాట మీదే.

ఆ ఆదివారం ఆమె మా నెట్ సెంటరుకి వచ్చింది. నా బ్లాగులోనే మా ఆదివారం సమావేశాల గురించి గొప్పగా రాసుకున్నాను కాబట్టి వెతుక్కోవడం కష్టం కాలేదు. పాతికేళ్లు కూడా ఉండవు. గోదావరి లంకల్లోంచి రేవు దాటి, రెండు బస్సులు మారి వచ్చింది. నా చుట్టూ నా శిష్యబృందం.

"బ్లాగు మాస్టారు మీరేనాండీ?"

"చెప్పమ్మా."

చెప్పింది. ఏడవలేదు. చెప్పడం అయ్యాక, "మా హెడ్మాస్టారు గారికి ఒక్కసారి ఫోన్ చెయ్యండి సార్. ఆ బొమ్మ మీ బ్లాగులో అలాగే ఉందని చెప్పండి చాలు" అంది.

అప్పుడు చూశాను ఆ బొమ్మని, ఆమె వేలు పెట్టి చూపించాక. చూడగానే తెలిసింది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "బ్లాగు చూసి పాఠం చెప్పమని నీకెవరు చెప్పారమ్మా?"

"మరెందుకండీ రాయడం?"

సోషల్ మాస్టారు కిసుక్కుమన్నాడు, మళ్లీ నన్ను చూసి ఆ నవ్వుని దగ్గుగా మార్చేశాడు. నేను, "పుస్తకం ఉంది కదా, చూసుకోవాలి కదా" అన్నాను.

"చూశానండి. అందుకే మిమ్మల్ని అడిగాను. జవాబు ఇవ్వలేదు."

"రోజుకి ఎన్నో వస్తాయి. అన్నీ ఎక్కడ చూస్తాం?"

ఆమె పెద్దాయన వైపు తిరిగింది. కామెంటు పక్కనున్న ఫొటోని బట్టి పోల్చుకున్నట్టుంది. "మీరు సైన్సు మాస్టారే కదండీ. దీని కింద బాగుందని రాశారు. మీరైనా చెప్పండి."

పెద్దాయన కండువా సర్దుకున్నారు. "నేను భాష బాగుందన్నానమ్మా" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. అప్పుడు నవ్వాల్సింది.

"మీటరు పోయినందుకు తీసేస్తే ఊరుకుంటానండి" అంది ఆమె నాతో. "బ్లాగులో అలాగే ఉందంటే నమ్మక, మా హెడ్మాస్టారు గారు నన్ను పిల్లల ముందు అబద్ధాలకోరు అంటున్నారు. అదొక్కటీ చెప్పండి, నేను అబద్ధం ఆడలేదని."

"చూద్దాంలే, వెళ్లిరా" అన్నాను.

ఆమె వెళ్లాక పెద్దాయనని అడిగాను, తప్పు మీకు ముందే కనబడిందా అని. "కనబడకేమండీ? పదిమందిలో ఎలా అంటాం, బాగోదు కదా" అన్నారు. నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని, చేసీ ఉన్నాను.

అక్కడే కూర్చుని బొమ్మ మార్చేశాను. మీటరుని తీగ మధ్యలోకి తెచ్చాను. తప్పు వేశానని గానీ, దిద్దానని గానీ ఎక్కడా రాయలేదు. ఉచిత సాధనాల్లో ఇది గొప్ప సుఖం. నల్లబోర్డు మీద చెరిపితే మరకైనా ఉంటుంది. ఇక్కడ ఏమీ ఉండదు. అంతా మొదట్నుంచీ అలాగే ఉన్నట్టుంటుంది.

మర్నాడు హెడ్మాస్టారే ఫోన్ చేశారు. ఆమె చేయించిందో, ఆయనంతట ఆయనే చేశారో తెలియదు.

"ఏవండీ, మీ బ్లాగు మా అబ్బాయి చేత తీయించి చూశానండి. బొమ్మ సరిగ్గానే ఉంది. ఈ పిల్లేంటండీ, మీరు తప్పు వేశారంటుంది?"

ఒక్క మాట చాలు. "నిన్నటిదాకా తప్పేనండి, నేనే మార్చాను." ఆ మాట నాలిక మీదే ఉంది. ఆయన "హలో, హలో" అన్నారు.

"చిన్నపిల్లండి, వదిలెయ్యండి. ఏమీ అనకండి" అన్నాను.

"మీ మంచితనం అలాంటిదండి" అన్నారు ఆయన.

జూన్‌లో ఆమెను తీసుకోలేదు. మీటరు కాల్చినందుకు కాదు. తప్పు చేసి పెద్దమనిషి మీదకి నెట్టినందుకు. ఆ పెద్దమనిషిని నేను. దొడ్డ మనసు అప్పట్నుంచే నాకు వచ్చింది. అది భోజనాల కథగా మారడానికి ఎక్కువ రోజులు పట్టలేదు, నేను సాయం పట్టాను కదా.

మొన్నటి సభ అయ్యాక ఆమె ఫోన్ నంబరు కనుక్కున్నాను. తుని వైపు ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతోంది. నేనెవరో చెప్పగానే, "చెప్పండి సార్" అంది. చెప్పాను. నేను బొమ్మ ఎప్పుడు మార్చిందీ, హెడ్మాస్టారుతో ఫోన్లో ఏమన్నదీ.

"మార్చారని నాకు తెలుసండి. ఇంటికెళ్లే బస్సెక్కేముందు ఇంకో నెట్ సెంటరులో చూశాను" అంది చివరికి. "మా హెడ్మాస్టారు గారికి చెప్పారాండీ?"

"ఆయన పోయారమ్మా, నాలుగేళ్లయింది."

"మరి ఇంకెవరికి చెబుతారు?"

రాస్తానన్నాను. మా మాస్టార్లు చదివే చోట రాస్తానన్నాను.

"రాయండి. నా పేరు మాత్రం వద్దు. ఇక్కడ పిల్లలు నన్ను బాగానే చూస్తున్నారు" అంది. పెట్టేస్తుందనుకున్నాను, పెట్టలేదు. "ఈసారి ఎవరి చేతనైనా చదివించి చూసుకోండి సార్. బాగుందండీ అనేవాళ్ల చేత కాదు."