ముసలమ్మ మాట

ఉక్కునగరంలో మేం పదిమందిమి, కాపీరైటు తీరిపోయిన పాత కథలను పంచుకుని టైపు చేసి, ఒక సంకలనం వేద్దామనుకున్నాం. ముందుమాట రాస్తానన్న ఒక పండితుడు ఉత్తరాంధ్ర పలుకుబడి కనిపించిన చోటల్లా ఎర్రసిరాతో కొట్టేసి, పైన దిద్దుబాటు రాశారు. "ఇది గ్రామ్యం. దిద్దితేనే రాస్తాను" అన్నారు. ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని దువ్వాడ స్టేషన్‌లో దిగాలుగా కూర్చున్నాను.

పక్కన పూలబుట్టతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. "ఏటమ్మా అయ్యి?" అని అడిగింది. పాత కథలని చెప్పాను.

"ఒకటి సదువు, ఇంటాను."

పొలం లాక్కోవడానికి వచ్చిన కరణాన్ని ఒక ముసలమ్మ నిలదీసే కథ అది. పండితుడు దిద్దినట్టే చదివాను: "నేను కదలను. ఏమి చేస్తావో చెయ్యి."

ఆవిడ ముఖం చిట్లించింది. "ముసల్ది అలాగనదు."

అసలు వాక్యం చదివాను: "నాను కదల్ను. ఏటి సేత్తావో సెయ్యి."

ఆవిడ తొడ చరిచి నవ్వింది. "అదీ! మరి దాన్ని కొట్టీసినోడెవుడు?"

"పెద్ద చదువులు చదివినాయన. తప్పట."

"తప్పేటి? పొలమే వదల్నిది మాటొదిలేత్తాదేటి? మరి నువ్వెందుకు వదిలేత్తన్నావు?"

ఇంతలో ఆవిడ ఎక్కాల్సిన రైలు వచ్చింది. బుట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే మేమంతా కూర్చుని, కొట్టేసిన ప్రతి మాటనూ తిరిగి పెట్టేశాం. పండితుడు ముందుమాట రాయనన్నారు. మేమూ బతిమాలలేదు. ఆయన కోసం ఉంచిన పేజీల్లో ముసలమ్మ కథ వేశాం.