అప్లిక్ వర్క్ తెలిసిన పిల్ల

ఆ రోజుల్లో నా నోట "తెలియదు" అన్న మాట రావడమంటే పరువు పోవడమే. డిగ్రీ చదివాను, ఇంగ్లీషు వచ్చు, ఇక తెలియనిది ఏముంటుందని ధీమా. రెండువేల నాలుగు ప్రాంతంలో ఆక్లాండ్‌కి వచ్చి, మౌంట్ రాస్కిల్‌లో ఒక నెల్లూరి నర్సక్కతో ఫ్లాట్ పంచుకుంటున్నాను. ఉద్యోగం దొరక్కపోతే వీసా అయిపోయి ఇంటిదారి పట్టాలి. (వెళితే "నే చెప్పలా" అనడానికి మా పిన్ని సిద్ధంగా ఉంది. అసలు భయం అదే.) అలాంటప్పుడు సిటీ సెంటర్‌లో పాత ఫ్రెంచి వస్తువులమ్మే షాపు యజమాని, మెల్లగా మాట్లాడే కివీ పెద్దాయన, నా దరఖాస్తు చూసి ఫోన్ చేశాడు.

"అప్లిక్‌ల గురించి ఏమైనా తెలుసా?"

"చిన్నప్పటినుంచీ. నేనే చేస్తాను."

"మీరే చేస్తారా? డిజైన్ ఎవరిది?"

"పక్కింటి ఆంటీ గీసిస్తుంది. మిగతాదంతా నా చేతిపనే."

"బంగారు పూత కూడానా?"

"పూత కాదండీ, జరీ. ఉతికితే నల్లబడుతుంది, అదొక్కటే బాధ."

"ఉతుకుతారా?" అని రెండుసార్లు అడిగాడు. "సోమవారం రండి. మిమ్మల్ని ఒకసారి చూడాలి."

అక్క మాత్రం నమ్మలేదు. "గుడ్డ మీద గుడ్డముక్క కుట్టేదానికి ఈడ ఉద్యోగాలిస్తారా? ఎందుకైనా మంచిది, నోటికి రెండు కుట్లేసుకుని పో" అంది.

నేను పూలు కుట్టిన దిండు గలీబు పట్టుకుని వెళ్ళాను. షాపు నిండా దీపాలే. ఆయన గోడ మీంచి ఒక కంచు దీపం దించాడు. ఆకులు చుట్టుకున్న రెండు కొమ్మలు, కొసన కొవ్వొత్తి గిన్నెలు. గోడకు తగిలించే ఇలాంటి దీపాన్నే ఫ్రెంచిలో అప్లిక్ అంటారట. మరొకరైతే క్షమించమని బయటపడేవారు. నేను వాదనకు దిగాను. "మీది గోడకి, మాది గుడ్డకి. రెండూ అంటించేవే. ఇందులో నా పొరపాటు ఏముంది?"

ఆయన గలీబు అందుకుని, లోపలివైపు తిప్పి చూశాడు. "ముడులేవి?"

"కనబడనిస్తే అది పనెలా అవుతుంది?"

"మేమూ కంచుని వెనక్కి తిప్పే చూస్తాం. గీసినవాడి గొప్ప ముందు తెలుస్తుంది, పోతపోసినవాడి నిజాయితీ వెనక తెలుస్తుంది" అని, గలీబు మడిచి ఇచ్చాడు. "రేపటినుంచి రండి. దేన్నీ ఉతక్కండి."

ఇప్పుడు అదే షాపులో ఇంటర్వ్యూ బల్లకి ప్రశ్నలడిగే వైపు నేను కూర్చుంటున్నాను. వచ్చే పిల్లలంతా బుద్ధిగా "నేర్చుకుంటానండీ" అంటారు. చక్కటి జవాబే. అయినా అప్పటి నాలాంటి తలబిరుసు పిల్ల ఎప్పుడైనా తలుపు తోసుకుని వస్తుందేమోనని చూస్తుంటాను. వస్తే వెంటనే తీసుకుంటాను. మధ్యాహ్నానికల్లా పోట్లాడుకుంటామనుకోండి, అది వేరే సంగతి.