కలకత్తాలో అత్తా నేనూ

మా ఆయన పిసినారి కాదు. తక్కువలో అయ్యేదానికి ఎక్కువ పెడితే ఆయనకి తిన్నది అరగదు, అంతే. విజయనగరంలో ఒక ఎరువుల కొట్లో పనిచేస్తాడు. నేను ప్రైవేటు బడిలో చిన్న తరగతులకి పాఠాలు చెప్తాను. ఆ వేసవిలో మా అమ్మాయి ఎక్కడికైనా పెద్ద ఊరు తీసుకెళ్ళమని పట్టుబట్టింది. ఆయన రాత్రుళ్ళు ఫోన్లో వీడియోలు చూసి చూసి, చివరికి కలకత్తా ఖాయం చేశాడు. మన స్టేషన్లో రైలెక్కితే తిన్నగా తీసుకెళ్ళి దింపుతుంది, అక్కడ బస్సూ పడవా అన్నీ చవక, హౌరా అవతల సత్రంలో నలుగురికీ ఒకే గది దొరుకుతుంది అని ఆయన లెక్క.

"నలుగురేటి? మనం ముగ్గురమే గదా," అన్నాను.

"అమ్మని కూడా అడుగుదాం. ఎలాగూ రాదు. అడక్కపోతే బాగోదు."

మా అత్త కోటబొమ్మాళిలో మా మరిది కుటుంబంతో ఉంటుంది. వాళ్ళకి వరి పొలం ఉంది. ఆవిడ పొద్దున లేచి గట్టు మీదికి వెళ్ళకపోతే ఏదో జబ్బు చేసినట్టు ఉంటుంది. పెళ్ళిళ్ళకి తప్ప ఊరు కదలదు. ఆయన ఫోన్ చేసి మాట వరసకి అడిగితే, "ఆకుమడి దున్నకముందే తిరిగొచ్చేస్తామేటి?" అని అడిగిందట. వచ్చేస్తామన్నాడు. "అయితే వస్తాను," అని ఫోన్ పెట్టేసింది.

నిజం చెప్పాలంటే నాకు ఉత్సాహం కాస్త తగ్గింది. అత్తకీ నాకూ తగవులేమీ లేవు. మాటలే పెద్దగా లేవు. జ్వరం తగ్గిందా, వంకాయలు పంపాను అందాయా, అంతవరకే. నాలుగు రోజులు ఒకే గదిలో ఏం మాట్లాడుకుంటామో నాకు తోచలేదు.

ఆవిడ పలాసలో మా రైలుపెట్టె వెతుక్కుని ఎక్కింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో జంతికల డబ్బా. మేము అప్పటికే చిన్న రైస్ కుక్కరూ, బియ్యమూ, కందిపొడీ, ఆవకాయా పెట్టుకుని ఉన్నాం. అదంతా చూసి, "ఊరు సూడ్డానికెల్తన్నారా, కాపరం పెట్టడానికెల్తన్నారా?" అంది. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది.

మొదటి రోజు ఆయన అనుకున్నట్టే గడిచింది. పెద్ద తోటలో నడిచాం, తెల్లరాతి మేడని బయటి పచ్చికలో కూర్చుని చూశాం, సత్రానికొచ్చి అన్నం వండుకుని కందిపొడి కలుపుకుని తిన్నాం. అత్త ఎక్కడా బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. నడవమంటే నడిచింది, కూర్చోమంటే కూర్చుంది.

అసలు సంగతి రెండో రోజు జరిగింది.

హౌరా స్టేషన్ పక్కనే పడవల రేవు ఉంది. ఒక పడవ నదికి అడ్డంగా అవతలి ఒడ్డుకి, ఇంకోటి ఒడ్డు వెంట పైకి, అలా తలో దిక్కుకీ పోతుంటాయి. మేము ఎక్కాల్సింది అవతలి ఒడ్డుకి వెళ్ళేది. ఆయన టికెట్లు కొని, ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టాడు. మా అమ్మాయి నా ఫోన్ తీసుకుని వంతెన ఫొటోలు తియ్యడం మొదలుపెట్టింది. ఆయన దాని పక్కన నిలబడి, "ఆ స్తంభం కూడా పడాలి, ఇంకాస్త వెనక్కి రా," అంటున్నాడు.

ఇంతలో జనం ఒక్కసారిగా కదిలారు. అత్త రైలు తప్పిపోతుందన్నంత ఆత్రంగా వాళ్ళతో పాటు రేవు చెక్కల మీదుగా దిగిపోయింది. "అత్తా, ఆగు, అది కాదు," అంటూ నేను వెనక పరిగెత్తాను. ఆవిడ అప్పటికే పడవలో ఉంది. దింపుదామని నేనూ ఎక్కాను. చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగేసరికి పడవవాడు తాడు విప్పేశాడు. మాకూ రేవుకీ మధ్య నీళ్ళు వెడల్పవుతున్నాయి. మా ఆయన కడ్డీల దగ్గర నిలబడి చేతులూపుతూ ఏదో అరుస్తున్నాడు. ఇంజను చప్పుడులో ఒక్క ముక్కా వినపడలేదు.

ఫోన్ కూతురి దగ్గర, పర్సు ఆయన సంచిలో. ఇద్దరం ఆడవాళ్ళం, తెలియని ఊరు, రాని భాష.

"ఏటయ్యింది? ఆళ్ళు ఎక్కనేదా?" అంది అత్త.

"మనం ఎక్కాల్సింది ఇది కాదు. వేరేది."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "ఎక్కీసినాం గదా. కూకో," అని కిటికీ పక్క బల్ల మీద తను కూర్చుని, నాకు చోటు చూపించింది. తర్వాత ఎదురుగా ఉన్న ముసలాయన వైపు తిరిగి, "ఎయిటా కువాడె జిబొ?" అని ఒడియాలో అడిగేసింది, ఇది ఎక్కడికి పోతుందని. ఆవిడ పుట్టిల్లు ఇచ్ఛాపురం అవతల. అక్కడ తెలుగూ ఒడియా కలిపే మాట్లాడతారు. ముసలాయనకి సగం అర్థమైనట్టుంది. బెంగాలీలో పెద్ద జవాబు చెప్పాడు. అందులో ఈవిడకి సగం అర్థమైనట్టుంది. ఇద్దరూ తృప్తిగా తలలూపుకున్నారు.

"పైకి పోతాదట. రెండు మూడు సోట్ల ఆగుతాదట. ఎక్కడో ఒక దగ్గర దిగి, మీ ఆయనకి ఫోన్ సేద్దాం."

ఆ 'సేద్దాం'లో ఏ కంగారూ లేదు. నాకూ కాస్త ఊపిరాడింది. గాలి తగిలింది. బయట ఎండ మండిపోతున్నా నది మీద చల్లగానే ఉంది. ఒడ్డు పొడుగునా మెట్లు, మెట్ల మీద స్నానాలు చేసేవాళ్ళు, వాళ్ళ వెనక పాత గోదాములు, గోడల్లోంచి మొలిచిన రావి మొక్కలు. అత్త అవతలి ఒడ్డు వైపే చూస్తోంది. అక్కడ దూరంగా ఒక ఇటుక పొగగొట్టం కనిపిస్తోంది.

"అది నారమిల్లా?" అని ముసలాయన్ని చేత్తో చూపించి అడిగింది. ఆయన చూసి, కాదన్నట్టు చెయ్యి ఊపి, ఇంకా పైకి, చాలా పైకి అన్నట్టు చూపించాడు.

"నారమిల్లులేటి అత్తా?"

"మా అయ్య పనిసేసినాడు. ఇక్కడే. మిల్లులో."

ఆ సంగతి నేనెప్పుడూ వినలేదు. మా ఆయనకైనా తెలుసో లేదో. ఇంజను చప్పుడులో ఆవిడ నా చెవి దగ్గరికి వంగి చెప్పింది. ఆ రోజుల్లో వాళ్ళ వైపు నుంచి మగవాళ్ళు చాలామంది ఇక్కడి జనపనార మిల్లుల్లోకి వచ్చేవారట. వాళ్ళ అయ్య ఏడాదికోసారి ఇంటికొచ్చేవాడు. వచ్చినప్పుడు ఒంటికి ఏదో నూనె వాసన ఉండేదట. పక్కన పడుకుంటే ఆ వాసనకి నిద్రపట్టేది కాదట, వెళ్ళిపోయాక ఆ వాసన లేక నిద్రపట్టేది కాదట.

"మమ్మల్ని ఒకపాలి తీసుకెల్తానని సెప్పీవాడు. నది మీద పెద్ద ఇనప వంతెన ఉంటాది, దానికింద పడవలెల్తాయి అని. ఆడు సెప్పిందంతా అబద్దమనీది మాయమ్మ. అబద్దం కాదు. ఉన్నాది."

"మిల్లు వెతుకుదామా? మీ అబ్బాయికి చెప్పి—"

"వద్దులే. మిల్లులో ఏటుంటాది సూడ్డానికి? ఆడు సెప్పింది వంతెనే. సూసినాను."

అని పమిట చెంగుతో మొహం తుడుచుకుని, మామూలుగా కూర్చుంది. నాకు ఏం చెయ్యాలో తెలియక ఆవిడ చేతి మీద చెయ్యి వేశాను. ఆవిడ తియ్యలేదు. చెయ్యి గరుకుగా ఉంది.

రెండో రేవులోనో మూడో రేవులోనో దిగాం. బయట టీ కొట్టు. అత్త రొంటిన దోపుకున్న గుడ్డసంచి తీసి రెండు టీలు చెప్పింది. కొట్టాయన "మాశీమా, మాశీమా" అని పిలుస్తూ బెంచీ తుడిచాడు. పిన్నిగారూ అన్నట్టు అట. ఆ కొట్టాయనే తన ఫోన్ ఇచ్చాడు కానీ, నాకు మా ఆయన నంబరు నోటికి రాదు. ఎప్పుడూ పేరు చూసి నొక్కడమే. నా నంబరు మాత్రం వచ్చు. నా నంబరుకే చేశాను. మా అమ్మాయి ఎత్తింది.

"అమ్మా! నువ్వు తప్పిపోయావా?"

వెనక నుంచి మా ఆయన ఫోన్ లాక్కున్నాడు. "ఎక్కడున్నారు?" అన్నాడు. కొట్టాయన్ని అడిగి రేవు పేరు చెప్పాను. "అయితే కదలొద్దు. అక్కడే ఉండండి. నేనొస్తన్నాను. అమ్మని ఎక్కడికీ ఎల్లనివ్వకు."

అత్త పక్కనుంచి వింది. "నన్నేటి కట్టీస్తాదేటి?" అని లేచింది. "అదిగో, ఆ సందులో ఏటో గడ్డి మోస్తన్నారు. సూసొద్దాం. ఇక్కడికి కనపడతాది గదా."

గడ్డి అనేసరికి ఆవిడ ఆగలేదు. టీ కొట్టాయనకి సైగ చేసి నేనూ వెంట వెళ్ళాను. సందు మొదట్లోనే పొడుగాటి పాకలు, లోపల వరిగడ్డితో కట్టిన మనుషులు. పది చేతులు, తలల్లేవు. దసరాకి చేసే అమ్మవార్లు అవి. ఇప్పుడు గడ్డి కట్టి, తర్వాత మట్టి పూసి, చివరికి రంగులు వేస్తారట. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. అత్త మాత్రం గడ్డిని చూస్తోంది. ఒక పరక లాగి విరిచింది, వాసన చూసింది.

"మంచి గడ్డే. తడిసింది కాదు," అని తేల్చింది. తర్వాత ఒక అమ్మవారికి కాళ్ళు కడుతున్న పనాయన పక్కన చతికిలబడి, తనూ గుప్పెడు గడ్డి తీసి మా ఊళ్ళో మోపు కట్టినట్టు మెలేసి బిగించి అందించింది. ఆయన భలే అన్నట్టు తలూపి, దాన్ని అమ్మవారి మోకాలి దగ్గర పెట్టుకున్నాడు. మేము రెండడుగులు వేశాక వెనక్కి చూస్తే, విప్పేసి తన పద్ధతిలో పురికొసతో మళ్ళీ కట్టుకుంటున్నాడు. అత్త కూడా చూసింది.

"ఆడి దేవత. ఆడి ఇష్టం," అని నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ఇద్దరం ఆ సందులో గోడకానుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం. అత్త పళ్ళన్నీ కనిపించేలా నవ్వడం నేను అప్పుడే చూశాను.

ఆయన వచ్చేసరికి మేము టీ కొట్టు దగ్గర మరమరాల్లో ఉల్లిపాయా ఆవనూనే కలిపిచ్చే పొట్లాలు తింటున్నాం. చెమటతో చొక్కా అతుక్కుపోయి, మొహం కందిపోయి ఉన్నాడు.

"ఒసే అమ్మా, నీకు బుద్దుందేటి? ఎవరి ఎనకాల పడితే ఆళ్ళ ఎనకాల ఎల్లిపోతావా?"

"ఒరే, ముందు కూకో. ఇది తిను. బాగున్నాది, కారం తక్కువైనాది గానీ."

ఆయన తిన్నాడు. కోపంగా రెండు గుప్పెళ్ళు తిని, మూడో గుప్పెడికి ఇది ఎంత అని నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన మొహం తేటపడింది. మా అమ్మాయి అప్పటికే మామ్మ చెయ్యి పట్టుకుని తలల్లేని దేవతల దగ్గరికి పరుగెత్తింది. ఆ మధ్యాహ్నమంతా ఆ సందుల్లోనే తిరిగాం. చూడ్డానికి ఎవరూ డబ్బు అడగలేదు. "ఇది ఏ వీడియోలోనూ సూపించనేదు," అని ఆయన తనే కనిపెట్టినట్టు మురిసిపోయాడు.

ఆయన తాత మిల్లులో పనిచేసిన సంగతి నేనేమీ ఎత్తలేదు. ఆ రాత్రి సత్రంలో అన్నం కలుపుతూ అత్తే కొడుక్కి చెప్పింది, రెండు ముక్కల్లో. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "నాకెప్పుడూ సెప్పనేదేటి?" అన్నాడు. "నువ్వెప్పుడడిగినావు?" అంది ఆవిడ, ఇంకొంచెం పొడి వెయ్యమని కంచం నా వైపు జరిపి.

తిరుగు ప్రయాణంలో పలాస వచ్చేదాకా మేమిద్దరం ఒకే బెర్తు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆడపడుచు పెళ్ళినాటి గొడవా, మా బడిలో పిల్లలూ, ఆవిడకి నచ్చని రకం విత్తనాలూ, ఏవేవో. పలాసలో దిగి ఆవిడ కోటబొమ్మాళికి పాసింజరు పట్టుకోవాలి. సంచి భుజాన వేసుకుని, ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి, కిటికీలోంచి కొడుకుని పిలిచింది.

"ఒరే, బొంబాయిలో కూడా పడవలుంటాయట గదా?"

"ముందు ఇంటికెల్లవే అమ్మా," అన్నాడాయన. అంటూనే జేబులోంచి ఫోన్ తీశాడు.