నలభై ఆరో గూటం

మొన్న కొత్త నూలు చీర ఒకటి మడత విప్పాను. గంజి వాసన గుప్పుమంది. అంతే, డెబ్బై దాటిన ఈ మోకాళ్లు, మెట్లెక్కమంటే మూలిగే మోకాళ్లు, రేగులగూడెం నుంచి తుమ్మలపెంటకు నడవడానికి తయారైపోయాయి. ఆ వాసన వస్తే నాకు ఇప్పటికీ ఒకచోట కూర్చోబుద్ధి కాదు. పొద్దున్నే మగ్గానికి ఎక్కించే ముందు వీధి పొడవునా సాగదీసిన పడుగు నూలు, దాని మీద కుంచెతో గంజి రాస్తున్న మా వాళ్లు, ఆ పక్కన నడుముకు కొంగు చుట్టి "నడువు పిల్లా, పొద్దెక్కుతాంది" అని తొందరపెట్టే అండాలు పెద్దమ్మ, అందరూ ఒక్కసారే గదిలోకి వచ్చేస్తారు.

అండాలు పెద్దమ్మ మాకు చుట్టం కాదు. మా ఎదురింటామె. పెనిమిటి పోయాక వీధిలో వాళ్లు నేసిన చీరలు మూటగట్టి, నెత్తిన పెట్టుకుని తుమ్మలపెంటకు తీసుకుపోయేది, వచ్చేటప్పుడు నూలు తెచ్చేది. వారంలో నాలుగు రోజులు ఆమె ఆ బాట మీదే ఉండేది. మా ఊళ్లో నాలుగో తరగతి దాకానే బడి. ఆ పైన చదవాలంటే తుమ్మలపెంటకు పోవాలి. బండ్ల దారి గుట్ట చుట్టూ తిరిగి నాలుగు కోసులు, దగ్గర దగ్గర ఎనిమిది మైళ్లు. కాలిబాట మాత్రం తంగేడు పొదల్లోంచి, వాగులోంచి, గుట్ట పక్కనుంచి కోసుకుపోయి రెండు కోసుల్లో తేలుతుంది. ఆడపిల్లను అంత దూరం ఎట్లా పంపుతామని అమ్మ అంటే, పెద్దమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. "బాట మీద నేనుంట. నేను లేన్నాడు బాట మీద ఎవలో ఒగలుంటరు. పంపుర్రి."

మొదటి రోజు నేను ముళ్లకు భయపడి కాళ్లు చూసుకుంటూ నడిచాను. దారి మధ్యలో దమ్ముబండ అని ఒక చదును రాయి ఉండేది. రెండు ఊళ్ల వాళ్లూ మూటలు దించి దమ్ము తీసుకునే చోటు అది. అక్కడ కూర్చోబెట్టి, "ఇంతసేపు ఏం జూసినవు?" అని అడిగింది. నా కాళ్లు చూశానన్నాను. "నీ కాళ్లు ఇంట్ల గూడ ఉంటయి గదనే" అంది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఒక ఆట మొదలైంది. దమ్ముబండ చేరేసరికి నిన్న లేనిది ఒకటి, ఇయ్యాల కొత్తగా ఉన్నది ఒకటి నేను చెప్పాలి. పాము కుబుసం, కొత్త చీమల పుట్ట, ఎవరో తెగిన చెప్పును ముళ్లకంపకు వేలాడదీసి పోవడం, మోదుగ మొగ్గ. చెప్పలేకపోతే మూట కాసేపు నేను మోయాలి. నేను మోసింది చాలా తక్కువ. గొప్పలు కాదు, నిజంగానే చెబుతున్నాను. రేపేం కనబడుతుందో అన్న ఉబలాటంతో నాకు రాత్రి నిద్ర పట్టేది కాదు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం ఆ ఆటే మా కొంప ముంచబోయింది. నందికొండ దగ్గర డ్యాం కడుతున్నారని, మా వైపుకు కాలువ వస్తుందని పెద్దవాళ్లు అనుకునేవారు. కాలువ అంటే నీళ్లు పారుతూ వస్తుందని మా ఊహ. బడి నుంచి తిరిగి వస్తూ దమ్ముబండ చేరబోతూ నేను అరిచాను. "పెద్దమ్మా, నిన్న లేనివి. గూటాలు!"

బర్రెలను కట్టేసే గూటాల లాంటివే, కానీ ఎంత నున్నగా చెక్కారో. తలకు ఎర్ర రంగు, దాని మీద నంబరు. బాటకు అడ్డంగా ఒకే వరసలో రెండు వైపులా పొదల్లోకి పోయాయి. పెద్దమ్మ మూట దించి ఒక దాన్ని ఊపి చూసింది. మర్నాడు మా వీధిలో పడుగు సాగదీసే రోజు. తాళ్లు బిగించి కట్టడానికి గట్టి గూటాలు లేక మా వాళ్లు తంటాలు పడుతున్నారు. నేతగాళ్ల కంటికి వరసగా పాతిన గూటాలు కనబడితే ఇంకేం తోస్తుంది? "ఎవలో పడుగు గుంజుకొని మర్సిపోయిండ్రు. పాపం, ఎండకు ఖరాబైతయి" అని జాలిపడి మరీ పీకింది. నేను నంబర్లు పెద్దగా చదువుతూ పుస్తకాల సంచిలో వేసుకున్నాను. నలభై ఒకటి నుంచి యాభై ఒకటి దాకా, పదకొండు గూటాలు. మేమేదో ఖజానా దోచినంత సంబరంగా ఇంటికి వచ్చాం.

తెల్లారింది. వీధి పొడవునా పడుగు ఎక్కింది, గంజి పడింది. మా వాళ్లు కుంచెలతో పోగుకు పోగు అంటుకోకుండా దువ్వుతున్నారు. అప్పుడు సైకిలు మీద కాలువ పని చూసే ఓవర్సీరు వచ్చాడు. కోస్తా వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన పడుచువాడు. తాళ్ల చివరన ఎర్ర తలలు చూసి ఆయన ముఖం కూడా అదే రంగుకు తిరిగింది. "ఇవి గవర్నమెంటు గూటాలండీ. ఎవరు పీకారు?" అంటూ వంగి ఒకదాన్ని పట్టుకున్నాడు. వీధి అంతా బిగుసుకుపోయింది. తడి ఆరకముందే పడుగు సడలితే పోగులన్నీ అంటుకుని నెల కష్టం ముద్దవుతుంది.

పెద్దమ్మ వెళ్లి ఆయన చేతి మీద చెయ్యి వేసింది. "నేనే పీకిన సారూ. తప్పే. గని గిప్పుడు నువ్వు పీకితె మూడిండ్ల కూడు పోతది. గంజి ఆరేదాక జర కూసో. రొట్టె తిను."

ఆయన గూటం వదిలేశాడు. మంచం మీద కూర్చున్నాడు. కాసేపటికి జొన్నరొట్టె, పచ్చిపులుసు కూడా లోపలికి పోయాయి. కడుపు చల్లబడ్డాక నెమ్మదిగా చెప్పాడు. ఆ గూటాల వరస మీదే కాలువ తవ్వుతారట. ఇల్లు మునిగేంత లోతు. బండ్ల దారి మీద వంతెన వస్తుందట.

"మరి మా బాటో?" అంది పెద్దమ్మ.

"బాట ఎక్కడుందండీ? నా కాగితంలో లేదు. రెండు రోజులు అక్కడ కొలిచాను, ఒక్క మనిషి కనిపించలేదు."

"ఎప్పుడు కొలిచినవు?"

"మధ్యాహ్నం."

"మిట్టమధ్యాహ్నం ఎండల మీరు తప్ప ఎవలు నడుస్తరు సారూ?"

మా బాపు కుంచె పక్కన పెట్టి, నా వైపు చూడకుండా అన్నాడు. "నాలుగు కోసులు పిల్లను ఎట్ల తోలుత? ఇగ దీని సదువు గింతే. నూలు కండెలు చుట్టుకుంట ఇంట్ల కూసుంటది." కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. ఆ గూటాలు నేనే చూపించాను, నేనే మోసుకొచ్చాను. ఇప్పుడు అవే నా బడిని తీసుకుపోతున్నాయి.

ఎండ ముదరకముందే పడుగు ఆరింది. పెద్దమ్మ గూటాలు పీకి నా సంచిలో వేసి, తన చీరల మూట నెత్తికెత్తుకుని, ఓవర్సీరుతో అంది. "పీకినదాన్ని నేనే పాతిస్త. సైకిల్ ఈడ్నే ఉండనియ్యి. నాతోని నడువు."

ఆ నడక తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆ రోజు అంగడి కూడా కాదు, మామూలు రోజు. అయినా ఊరు దాటామో లేదో పాల కడవలతో ఇద్దరు ఎదురయ్యారు. వాగు దగ్గర పల్లికాయ ఏరడానికి పోతున్న కూలి ఆడవాళ్ల గుంపు. ఆకుకట్టల ముసలాయన. చంటిపిల్లను దవాఖానకు ఎత్తుకుపోతున్న ఒక తల్లి. ప్రతి ఒక్కరినీ పెద్దమ్మ పేరు పెట్టి పిలిచి, "గీ సారు మన బాట మీద కాలువ తవ్విస్తడట" అని పరిచయం చేసింది. ప్రతి ఒక్కరూ ఆయనకు దండం పెట్టి, ముఖంలోకి చూసి, నడిచిపోయారు. తిట్టినా బాగుండేదేమో ఆయనకు. ఎదురైన వాళ్లను పెద్దమ్మ ముందు నన్ను లెక్కపెట్టమంది. సగం దారిలో ఓవర్సీరు తానే జేబులోంచి చిన్న పుస్తకం తీసి గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. అది చూసి నేను ఆనందంతో ఎగరబోయి ఆపుకున్నాను.

అంతలో ఆయన చెప్పులోంచి కాల్లోకి ముల్లు దిగింది. పెద్దమ్మ దమ్ముబండ మీద కూర్చోబెట్టి, ఇంకో ముల్లు తెంపి, "ముల్లును ముల్లుతోనే తియ్యాలె, కదలకు" అంటూ లాగేసింది. కన్నీళ్లు తుడుచుకుంటూ ఆయన తన కాగితం తీశాడు. ఏ గూటం ఎక్కడ ఉండాలో మళ్లీ కొలవాలంటే పూట పడుతుందట.

"అక్కర్లేదు సార్" అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నలభై ఒకటి పుట్ట పక్కన. నలభై రెండు విరిగిన తుమ్మ దగ్గర. నలభై మూడు రేగుచెట్టుకు ఇవతల..." ఒక్కో గుంత చూపిస్తూ పోయాను. ఆయన కొలిచి చూశాడు. ఒక్కటీ తప్పలేదు. రెండేళ్ల ఆట మరి. పెద్దమ్మ మూట సర్దుకుంటూ నవ్వుకుంది.

నలభై ఆరు దగ్గర ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. దాని గుంత సరిగ్గా బాట నడుమ ఉంది. గూటం నా చేతిలోంచి తీసుకుని మూటలో దోపుకుంది. "గిదొక్కటి ఇయ్య. గీడ మనుషులు నడుస్తరని రాస్కపో."

"రాయడం వరకే నా చేతిలో ఉందమ్మా" అన్నాడాయన.

"రాయి మరి. నడుసుడు మా చేతుల ఉన్నది."

ఏడాది గడిచింది. కాలువ తవ్వారు. బాట ఉన్నన్నాళ్లు పోనిమ్మన్నాడు బాపు. ఆ ఏడాదంతా మేం మట్టికట్టలు ఎక్కి దిగుతూనే నడిచాం, నేను ఒక్క రోజు బడి మానలేదు. తర్వాత ఒక ఉదయం చూస్తే తాపీవాళ్లు దిగారు. నలభై ఆరో గుంత ఉన్న చోటే, ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత వంతెన లేచింది. మొదటి రోజు పెద్దమ్మ నన్ను ముందుకు తోసింది. నేను పరుగెత్తాను, మళ్లీ వెనక్కి పరుగెత్తుకొచ్చాను, మళ్లీ వెళ్లాను. బడికి ఆలస్యమై దెబ్బలు కూడా తిన్నాను. ఆ దెబ్బలు కూడా తీపిగానే ఉన్నాయి.

పై చదువుకు నల్గొండకు బయలుదేరిన నాడు ఆమె ఆ గూటం తెచ్చి నా పెట్టెలో పెట్టింది. ఎందుకు పెద్దమ్మా అన్నాను. "సర్కారుది గదనే. నువ్వు సర్కారు కొలువు చేసేనాడు వాపసియ్యి" అంది.

కొలువు చేశాను. కాలువలకూ రోడ్లకూ నక్షలు గీసే కొలువే. ముప్పై ఏళ్లు గూటం నా బల్ల మీద ఉంది, ఎర్ర రంగు పోయింది, అంకెలు మిగిలాయి. కుర్ర ఇంజనీర్లు తిన్నటి గీత ఉన్న కాగితం తెచ్చి త్వరగా గీసిమ్మంటే, నేను గూటాన్ని ఆ గీత మీద నిలబెట్టి, "పొద్దున పూట నడిచి చూసిండ్రా?" అని అడిగేదాన్ని. కొందరు విసుక్కున్నారు. కొందరు నడిచి వచ్చి, బాట ఉందని చెప్పారు. రిటైరైన రోజున బల్ల ఖాళీ చేస్తూ దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఆఫీసులో ఎవరికి అప్పగించాలో కూడా తెలుసు.

పెద్దమ్మా, నీ మాట ఒక్కటి దాటాను. వాపసు ఇయ్యలేదు.