మెడ తిప్పడం నేర్పిన గురువు

ఒక మనిషి మెడనొప్పి వల్ల ఓడ మీద పని ఆగిపోయిందంటే మీరు నమ్మరు. ఆ మెడ నాది కాకపోయి ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

అప్పటికి నేను విశాఖ పోర్టులో క్రేన్ ఆపరేటర్‌గా చేరి రెండేళ్లు. అంతెత్తున అద్దాల గదిలో కూర్చుని, కాళ్ల కింది అద్దంలోంచి ఓడ కడుపులోకి చూస్తూ సరుకు దించడం మా పని. పూటంతా తల వంచి చూసేసరికి సాయంత్రానికి మెడ ఎండిన సొరకాయ తొడిమలా బిగుసుకుపోయేది. పెళ్లిపీటల మీద కూడా నేను అంతసేపు తల దించలేదని మా ఆవిడ లక్ష్మి సాక్ష్యం చెబుతుంది.

ఆవిడే పట్టుబట్టి నన్ను ఫిజియోథెరపిస్టు సుజాత గారి దగ్గరికి తీసుకెళ్లింది.

"గెడ్డం లోపలికి లాగి అయిదు లెక్కెట్టండి. తరవాత తల మెల్లగా ఎడమకి, మెల్లగా కుడికి. పూటకి అయిదుసార్లు, రెండు పూటలా. నొప్పొస్తే ఆపీయండి. నెల్రోజుల్లో మీకే తెలుస్తాది" అన్నారావిడ.

నెల్రోజులా! నేను లెక్క వేశాను. రోజుకు పదిసార్లు తిప్పితే నెల పడుతుంది. వందసార్లు తిప్పితే? మూడే రోజులు! ఇంత సులువైన లెక్క చదువుకున్నవాళ్లకు తట్టనందుకు జాలి కూడా పడ్డాను.

మొదటిరోజు నిజంగానే హాయిగా ఉంది. అదే కొంప ముంచింది. ఆ హాయి నా ఒక్కడికే పరిమితం చేసుకోవడం స్వార్థమనిపించి, మధ్యాహ్నం క్యాంటీన్లో అందరిముందూ మొదలెట్టాను.

"ఏటి బావా, ఆ తలూపుడు? దెయ్యం గానీ పట్టిందేటి?" అన్నాడు నాతోపాటు పనిచేసే పైడిరాజు.

"సుజాత మేడమ్ వైద్యం బావా! మెడ నొప్పున్నోలందరూ రండి."

మా షిఫ్టులో నాతో కలిపి ఐదుగురం ఆపరేటర్లం. మిగతా నలుగురూ లేచి నిలబడ్డారు.

"మెల్లగా తిప్పాలా బావా?"

"మెల్లగా తిప్పితే మెల్లగా తగ్గుద్ది. జోరుగా తిప్పండి!"

రెండోరోజుకి నన్ను గురువుగారూ అనడం మొదలెట్టారు. పైడిరాజు తన టిఫిన్ బాక్సులోంచి వంజరం చేప ముక్క తీసి నా కంచంలో వేశాడు. ఆ గౌరవానికి కళ్లు చెమర్చి, మర్నాటికి ఇంకో యాభైసార్లు అదనంగా ప్రకటించాను.

మూడోరోజు పొద్దున్న ఇంట్లో ఎనభై ఏడో తిప్పుడు. తల ఎడమకి వెళ్లింది. టిక్కుమంది. మరి వెనక్కి రాలేదు.

"కాఫీ" అంది లక్ష్మి.

"ఎక్కడ?"

"నీ కుడిపక్కనే!"

కాఫీ చూడ్డానికి ఒళ్లంతా తిప్పాల్సొచ్చింది. లక్ష్మి వెంటనే చెప్పులేసుకుంది.

షేరింగ్ ఆటోలో నా ఎడమపక్క ఒక పెద్దాయన కూర్చున్నాడు.

"ఏటలా సూత్తన్నావ్?"

"సూడ్డం లేదండీ. మెడ పట్టేసింది."

"పడితే నా మొహమ్మీదే పట్టాలేటి?"

సుజాత గారు నా మెడ నొక్కి చూసి అడిగారు. "ఎన్నిసార్లు సేసారు?"

"వంద."

"వారానికా?"

"రోజుకి."

ఆవిడ కళ్లద్దాలు తీసేశారు. "ఇంకెవలికీ నేర్పలేదు గదా?"

నేను నోరు తెరిచేలోగా తలుపు తెరుచుకుంది. ఆ వైపు నేను చూడలేను. పైడిరాజు గొంతు మాత్రం వినిపించింది. "మేడమ్, మా గురువుగారు సెప్పిన వైద్యం సేసీసాం. మెడ తిరగట్లేదు."

స్టూలుతో సహా తిరిగి చూశాను. నలుగురు ఆపరేటర్లు, నాలుగు వంకర మెడలు.

"ఎవరా గురువుగారు?" అన్నారు సుజాత గారు.

నలుగురూ మనుషులకు మనుషులే గిర్రున తిరిగి నావైపు వేళ్లు చూపించారు. అప్పుడే నా ఫోన్ మోగింది. మా ఫోర్‌మన్. "ఓడ కాడ ఒక్క ఆపరేటరూ లేడు! ఏటైపోనారందరూ?"

ఆ పూట సరుకు దిగలేదు. వేరే షిఫ్టువాళ్లు వచ్చేదాకా క్రేన్లు కొంగల్లా నిలబడ్డాయి. మేం ఐదుగురం మెడలకు వేడి కాపడం పెట్టించుకుంటూ వరసగా కూర్చున్నాం.

పట్టు వదిలాక సుజాత గారు చెప్పినట్టే, అయిదంటే అయిదుసార్లు చేశాం. నెల తిరిగేసరికి అందరి మెడలూ బుద్ధిగా తిరిగాయి. ఇప్పుడు మా షిఫ్టు క్రేన్ ఎక్కేముందు ఐదు నిమిషాలు ఆ వ్యాయామం చేశాకే ఎక్కుతుంది. నన్ను మాత్రం వెనక వరసలో నిలబెడతారు, లెక్కపెట్టే పని నాకు ఇవ్వరు.

లక్ష్మి ఎదుట నిలబడి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఎవరికీ వైద్యం చెప్పను, చిటికెన వేలికైనా సరే.

మొన్న పైడిరాజు పక్కన చేరి గుసగుసగా అడిగాడు. "బావా, నడుం పట్టేసింది. నీ కాడ ఏటైనా ఉందేటి?"

లేదని తల అడ్డంగా ఊపాను. మెల్లగా. ఒక్కసారే.